కొలికి దగ్గర తెగే గొలుసు: పూసల నగల స్టార్టర్ కిట్ రివ్యూ

ఆన్‌లైన్‌లో జ్యువెలరీ మేకింగ్ కిట్ అని వెతికితే పేర్లు పది కనిపిస్తాయి గానీ పెట్టె ఒకటే. 24 గళ్ల ప్లాస్టిక్ డబ్బా. సగం గళ్లలో రంగురంగుల సన్నపూసలు, ఒక గదిలో ముత్యాల్లాంటివి, మిగతావాటిలో కొక్కేలు, జంప్ రింగులు (కొక్కేన్ని దండకు కలిపే చిన్న తీగ రింగులు), పిన్నులు. పైన రెండు చుట్టల తీగ, ఒక చుట్ట ఎలాస్టిక్, ఒక ప్లయర్, బొమ్మ కత్తెర. ధర వెయ్యి రూపాయల లోపే. మూత మీద ఇన్ని వందల పీసులని పెద్ద అంకె ఉంటుంది. ఆ అంకెలో ఎక్కువ భాగం సన్నపూసలదే. ఒక చిటికెడు సన్నపూసలు తీస్తేనే వంద ఉంటాయి కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు.

ఏ ఒక్క కంపెనీ కిట్ గురించో కాదు ఇది. ఈ ధరలో దొరికే పెట్టెలన్నీ దాదాపు ఒకే లోపంతో వస్తాయి: కంటికి కనిపించే వాటి మీద డబ్బు పెట్టి, కనిపించని వాటి మీద మిగుల్చుకోవడం. పూసల దండ మధ్యలో తెగడం తక్కువ. కొలికి దగ్గర తెగుతుంది, లేదంటే కొలికి దగ్గర జారుతుంది. అందుకే పెట్టెను అక్కడి నుంచే చూడాలి.

గేర్ లాక్

గేర్ లాక్ అంటే తీగ చివరను పట్టి ఉంచే చిన్న లోహపు పూస. క్రింప్ అని కూడా అంటారు. కిట్‌లో ఇచ్చేవి గుండ్రంగా, 2 మి.మీ. సైజులో ఉంటాయి. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే పక్కన నిలువుగా ఒక గీత కనిపిస్తుంది. రేకును చుట్టి చేసిన అతుకు అది. ప్లయర్ పెట్టి నొక్కగానే కొన్ని ఆ గీత వెంబడి నోరు తెరుస్తాయి, కొన్ని పటుక్కున రెండు ముక్కలవుతాయి. విరిగిపోయేవి నయం, అప్పుడే తెలిసిపోతుంది. బిగిసినట్టు కనిపించి, రెండు వారాలు వేసుకున్నాక తీగను మెల్లగా వదిలేసేవే అసలు ప్రమాదం.

వీటి బదులు గొట్టం ఆకారంలో ఉండే, అతుకు లేని 2×2 మి.మీ. గేర్ లాక్‌లు కొనాలి. లోపల ఇత్తడి ఉన్నవి చాలు. గొట్టం రెండు తీగలనూ తన పొడవంతా ఒకేలా పట్టుకుంటుంది, గుండ్రటిది నడుమ ఒక్కచోటే పట్టుకుంటుంది. తేడా అంతే, కానీ నగ ఆయుష్షు ఆ తేడాలోనే ఉంది.

బిగించే పద్ధతి చూద్దాం. తీగకు ముందు గేర్ లాక్ ఎక్కించి, ఆ తర్వాత వైర్ గార్డ్, దాని వంపులో జంప్ రింగ్ పెట్టి, తీగను మళ్లీ గేర్ లాక్‌లోంచి వెనక్కు తేవాలి. వైర్ గార్డ్ అంటే గుర్రపు నాడా ఆకారంలో ఉండే సన్నటి గాడి. తీగ నేరుగా రింగుకు రాసుకోకుండా కాపాడేది అదే. కిట్లలో అది కనిపించదు. లేకపోయినా దండ తయారవుతుంది, కానీ రోజూ మెడలో కదిలే గొలుసులో రింగు అంచు తీగ మీది నైలాన్ పూతను గీకేస్తుంది. పూత పోయిన చోట చెమట లోపలి ఉక్కు పోగుల్లోకి దిగుతుంది. అప్పటి నుంచి రోజులు లెక్కపెట్టుకోవడమే.

ఇక నొక్కడం. క్రింపింగ్ ప్లయర్ దవడల్లో రెండు గుంటలు ఉంటాయి. పిడి వైపు ఉన్నదానిలో చిన్న పన్ను లాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది, కొస వైపు ఉన్నది నున్నగా గుండ్రంగా ఉంటుంది. ముందు పిడి వైపు గుంటలో గేర్ లాక్ పెట్టి నొక్కాలి. అప్పుడు గొట్టం నడుమ లోయ పడి, రెండు తీగలు లోయకు చెరో వైపు కూర్చుంటాయి. నొక్కే ముందు రెండు తీగలు గొట్టం లోపల ఒకదాని మీదుగా ఒకటి దాటకుండా పక్కపక్కన ఉన్నాయో లేదో చూడాలి. దాటి ఉంటే నొక్కినప్పుడు పై తీగ కింది తీగను కోసేస్తుంది. తర్వాత గేర్ లాక్‌ను పావు చుట్టు తిప్పి, కొస వైపు గుంటలో పెట్టి మెల్లగా మూయాలి. లోయ మడత పడి చిన్న గుండ్రటి గింజలా తయారవుతుంది. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. రింగును ఒక చేత్తో, తీగను మరో చేత్తో పట్టి లాగితే వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

కిట్‌లో క్రింపింగ్ ప్లయర్ ఉండదు. నోస్ ప్లయర్‌తో చదునుగా నొక్కేయమని కిట్ కాగితం చెబుతుంది. చదునుగా నొక్కినా పట్టు ఉంటుంది, అబద్ధం కాదు. కానీ రెండు మూలలు వాడిగా పొడుచుకొచ్చి మెడ వెనక గీసుకుంటాయి, చున్నీకి పట్టుకుంటాయి. చూడ్డానికి కూడా అక్కడే ఇంట్లో చేసిన నగ అని తెలిసిపోతుంది. తప్పనిసరైతే చదునుగా నొక్కి పైన 3 మి.మీ. క్రింప్ కవర్, అంటే గేర్ లాక్ మీద మూసే బోలు పూస, వేయండి. చిన్న బంగారు గుండులా కనిపిస్తుంది.

గట్టిగా పట్టాలని బలమంతా పెట్టి నొక్కడం మరో తప్పు. గేర్ లాక్ తీగను పట్టుకోవాలి గానీ కొరకకూడదు.

తీగ

కిట్‌లో రెండు చుట్టలు ఇస్తారని చెప్పాం కదా. ఒకటి వెండి రంగు, ఒకటి బంగారు రంగు. చాలా పెట్టెల్లో ఈ రెండూ గేర్ వైర్ (సన్నటి ఉక్కు పోగులు పేని, పైన నైలాన్ పూత వేసిన తీగ) కాదు, 0.3 మి.మీ. ఒంటి రాగి తీగ. పేరు మాత్రం బీడింగ్ వైర్ అని. తేడా కనిపెట్టడం తేలిక. చివర కత్తిరించి, వేళ్ల మధ్య నలిపి చూడండి. గేర్ వైర్ అయితే పూత విడిపోయి లోపలి పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకుంటాయి. ఒంటి తీగ అయితే ఏమీ కాదు. ఒంటి రాగి తీగతో పువ్వులు, ఆకులు చుట్టుకోవచ్చు, హెడ్ పిన్నులా (పూసను వేలాడదీసే, ఒక కొన మొద్దుగా ఉండే పిన్నులా) వాడుకోవచ్చు. దండ గుచ్చితే మాత్రం మెడ కదలికలకు అటూ ఇటూ వంగి వంగి గట్టిపడి, ఒకరోజు పుల్లలా విరుగుతుంది.

గేర్ వైర్‌లో కూడా పోగుల లెక్క ఉంది. 7 పోగులది చవక, బిరుసు. ఒకసారి మడత పడితే ఆ మడత పోదు. దండలో ఆ చోట మోచేయి వంచినట్టు కోణం నిలిచిపోతుంది. 19 పోగులది ఇంటి పనికి సరిపోతుంది. 49 పోగులది పట్టుదారంలా వాలుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మందం సంగతి: 4 నుంచి 8 మి.మీ. పూసలకు 0.38 లేదా 0.46 మి.మీ., నల్లపూసల్లాంటి 11/0 సైజు సన్నపూసలకు 0.30 మి.మీ. సన్నపూస రంధ్రం 0.8 మి.మీ. దగ్గర ఉంటుంది. తీగ తోక వెనక్కు తిరిగి అదే పూసల్లోంచి వెళ్లాలి కాబట్టి రెండు తీగలకు చోటు కావాలి. 0.38 రెండుసార్లు అంటే 0.76. పడుతుందేమో అని బలవంతం చేస్తే పూస పగులుతుంది.

నైలాన్ దారం, అంటే చేపల గాలం దారం లాంటిది, కొన్ని కిట్లలో ఉంటుంది. పారదర్శకంగా ఉండి అందంగా కనిపిస్తుంది. ఎండకు పసుపెక్కుతుంది, పెళుసవుతుంది, ముడి జారుతుంది. బరువుకు సాగి పూసల మధ్య సందులు పడతాయి. పండక్కి ఒకపూట వేసుకునే పిల్లల దండకు తప్ప వద్దు.

ఎంత తీగ కత్తిరించాలి అంటే కావలసిన పొడవుకు 15 సెం.మీ. కలపండి. తీగ దగ్గర పొదుపు చేస్తే చివరి గేర్ లాక్ నొక్కడానికి వేళ్లకు చోటు చాలదు. ఆ తొందరలోనే తీగలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి.

రెండో చివర నొక్కే ముందు దండను మెడ మీద ఉన్నట్టు గుండ్రంగా వంచి చూడాలి. బల్ల మీద తిన్నగా పెట్టి తీగ లాగి బిగిస్తే, వంచగానే పూసలకు చోటు చాలక దండ కర్రలా నిలబడుతుంది. వంచిన తర్వాత కొలికి దగ్గర 2 మి.మీ. ఖాళీ మిగిలేట్టు చూసుకుని నొక్కితే మెత్తగా వాలుతుంది. అంతకంటే ఎక్కువ వదిలితే పక్కకు వంచినప్పుడల్లా తీగ బయట మెరుస్తుంది. తీగ తోకను కనీసం 2.5 సెం.మీ. పూసల్లోకి దూర్చాకే కత్తిరించాలి. గేర్ లాక్ మొదట్లోనే తోక తెంపేస్తే ఆ మొన మెడకు గుచ్చుకుంటుంది.

కొక్కేలు, రింగులు

ఈ భాగానికి ఒక ఫ్రిజ్ మ్యాగ్నెట్ చాలు. కిట్‌లోని జంప్ రింగులు కాగితం మీద పోసి మ్యాగ్నెట్ దగ్గరకు తెస్తే అన్నీ ఎగిరి అంటుకుంటాయి. లోపల ఇనుము, పైన పలచటి నికెల్ పూత. వర్షాకాలంలో, మన కోస్తా ఉక్కలో, కొన్ని వారాల్లో తుప్పు మరక తెల్ల చొక్కా కాలర్‌కు దిగుతుంది. కొక్కెం విషయంలో ఒక జాగ్రత్త: ఇత్తడి లాబ్‌స్టర్ లాక్ (స్ప్రింగుతో మూసుకునే కొక్కెం) కూడా మ్యాగ్నెట్‌కు కాస్త అంటుకోవచ్చు, లోపలి స్ప్రింగు ఉక్కుది కాబట్టి. ఒళ్లంతా అంటుకుంటేనే అనుమానించాలి.

తీరిక ఉంటే మరో పరీక్ష: ఉప్పు నీళ్లలో తడిపిన దూదిలో ఒక రింగు చుట్టి రెండు రోజులు ఉంచండి. ఇనుప రింగు గోధుమ రంగు మరక వదులుతుంది. రాగి, ఇత్తడి రింగుకు పూత పలచగా ఉంటే పచ్చటి మరక వస్తుంది. 304 లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ శుభ్రంగా బయటకొస్తుంది. బంగారు రంగు కావాలనుకుంటే మచిలీపట్నం చిలకలపూడి తరహా రోల్డ్ గోల్డ్ కొక్కేలు, గుండ్లు ఈ కిట్ సరుకు కంటే ఎన్నో మెట్లు పైన ఉంటాయి. నికెల్ పడనివాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. చెవి తమ్మె ఎర్రబడి దురద పెడితే ముందు చూడాల్సింది హుక్కునే. యూరప్‌లో ఉన్న బంధువులకు చేసి పంపి అమ్మాలనుకునేవాళ్లకు ఒక మాట: అక్కడ నగల్లో సీసం బరువులో 0.05 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి మించకూడదు, నికెల్ మీద కూడా విడిగా కట్టుబాటు ఉంది. చీటీ, పరీక్ష లేని కిట్ లోహంతో ఆ పని పెట్టుకోవద్దు.

రింగు మందం కూడా చూడాలి. కిట్ రింగులు 22 గేజ్, అంటే 0.64 మి.మీ., అంతకంటే సన్నవీ ఉంటాయి. చెవి జూకాకు వేలాడే చిన్న పూసకు సరే. కొలికి దగ్గర మాత్రం 20 గేజ్ (0.81 మి.మీ.), బరువు హారానికి 18 గేజ్ (1.02 మి.మీ.) కావాలి. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. షాపులో ఇది తిరగేసి అడిగి మోసపోయేవాళ్లు ఎక్కువ.

రింగును నోరు తెరిచినట్టు రెండు వైపులకూ లాగితే గుండ్రం పోతుంది, మళ్లీ ఎంత నొక్కినా సందు మూసుకోదు. రెండు ప్లయర్లతో పట్టి, ఒక కొనను మీ వైపుకు, రెండోదాన్ని అవతలికి తిప్పి తెరవాలి. మూసేటప్పుడు కూడా అదే దారిలో, కొంచెం దాటించి వెనక్కు తెస్తూ, లోపలికి చిన్నగా ఒత్తుతూ రెండు మూడు సార్లు ఆడించాలి. కొనలు రెండూ కలిసినప్పుడు టిక్ మన్నట్టు వేళ్లకు తెలుస్తుంది. తల వెంట్రుక ఒకటి ఆ సందులోకి దూర్చడానికి ప్రయత్నించండి. దూరితే ఆ రింగులోంచి రేపో మాపో గేర్ వైర్ లూపు కూడా జారుకుంటుంది.

ఇక్కడే కిట్ ప్లయర్ కథ బయటపడుతుంది. ఒక్కటే ఇచ్చారు, పనికి రెండు కావాలి. ఇచ్చిన దాని దవడలకు పళ్లు ఉన్నాయి, అవి పట్టిన చోటల్లా పూత మీద గాట్లు పడతాయి. రెండోది కొనేటప్పుడు పళ్లు లేని నున్నటి దవడలది తీసుకుని, కిట్‌దాని దవడలకు మెడికల్ షాపులో దొరికే కాగితం టేపు రెండు చుట్లు వేయండి. పని జరుగుతుంది. కత్తెర గురించి చెప్పడానికేమీ లేదు, దారం కూడా తెగదు.

పూసలు

ఈ పెట్టెలో నిజంగా డబ్బుకు విలువ ఇచ్చేవి ఇవే. అయినా ఏరుకోవాలి. ఒకే గదిలోని పూసల్లో కొన్ని చక్కగా, కొన్ని బిళ్లల్లా, కొన్ని పక్కకు వాలినట్టు ఉంటాయి. కొన్నిటి రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. తెల్ల పళ్లెంలో పోసి వేలితో పరిచి ఏరితే నాలుగో వంతు పక్కకు పోతుందనుకోండి. ఆ ఏరివేతే నగకు నునుపు ఇచ్చేది. మియుకి, టోహో లాంటి జపాన్ పూసలు ఎందుకంత ధర అంటే ఏరే పని పెద్దగా లేకుండా అన్నీ ఒకే కొలతలో వచ్చేట్టు చేసినందుకు.

గాజుపూస అంచు ముఖ్యం. సన్నపూసలు చేసేది గాజు గొట్టాన్ని సాగదీసి, ముక్కలు కోసి, మళ్లీ వేడి చేసి అంచులు మొద్దుబార్చి. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజు గొట్టాలు లాగి పూసలు చేసిన పద్ధతిలోనూ ఈ రెండో కాల్పు ఉంది. అది సరిగా జరగని చవక పూసల అంచు కత్తిలా ఉంటుంది. ఒక దారం ముక్క పూసలోంచి దూర్చి, అంచుకు ఆనించి పది సార్లు అటూ ఇటూ లాగండి. పోగులు లేస్తే ఆ పూసలను దారంతో గుచ్చొద్దు, గేర్ వైర్‌కే వాడండి.

రంగు వదులుతుందా అన్నది రెండో పరీక్ష. ఒక పూసను గోళ్ల రంగు తీసే ద్రవంలో ముంచిన దూదితో రుద్దండి. దూదికి రంగు అంటితే అది గాజులో కలిసిన రంగు కాదు, పైన వేసింది. లోపల వెండి పూత ఉన్న మెరుపు పూసలు కొన్నాళ్లకు నల్లబడతాయి. లోహపు మెరుపు పూసిన బంగారు రంగు సన్నపూసలు మెడ వెనక, చెమట తగిలే చోట ముందు బోడి అవుతాయి. వాటిని ముందు భాగంలో వాడి, వెనక మామూలు గాజు పూసలు వేస్తే కొన్నాళ్లు మోసం కనిపించదు.

ముత్యాల గదిలో ఉన్నవి ప్లాస్టిక్. ఒక్కోదానికి నడుమ అచ్చు అతుకు గీత ఉంటుంది, చేతిలో బరువు ఉండదు, రంధ్రం దగ్గర పూత పెచ్చులుగా లేస్తుంది. వాటితో గుట్టపూసలు కట్టాలన్న ఆలోచన రానివ్వకండి. ఆ పనికి బియ్యపు గింజ ముత్యాలు హైదరాబాద్ పత్థర్‌గట్టిలో లైన్ల లెక్కన దొరుకుతాయి. వాటి రంధ్రాలు సన్నం, 26 గేజ్ (0.40 మి.మీ.) పిన్ను పట్టకపోతే 28 (0.32 మి.మీ.) వాడాలి. గుత్తిలో ప్రతి పిన్నుకు కొన మీద ఒట్టి వంపు కాకుండా, వంపు చేశాక మెడ చుట్టూ రెండు చుట్లు వేసి కత్తిరించాలి. ఒట్టి వంపు తెరుచుకుంటుంది, చుట్టిన వంపు తెరుచుకోదు.

కిట్‌తో రెండు పేటల నల్లపూసలు

ఈ పెట్టె పూసలు ఎంతవరకు పనికొస్తాయో తేల్చడానికి నల్లపూసల కంటే మంచి పరీక్ష లేదు. ఒంటి మీద నుంచి తియ్యరు. పసుపు, సబ్బు, చెమట, పైట రాపిడి అన్నీ రోజూ తగులుతాయి.

18 అంగుళాల రెండు పేటల గొలుసుకు, వెనక కొక్కెం, చిన్న గొలుసు పోగా పూసల భాగం 16 అంగుళాలు. 11/0 సన్నపూసలు అంగుళానికి దాదాపు 18 పడతాయి. బయటి పేటలో 34 నల్లపూసలకో 3 మి.మీ. బంగారు గుండు చొప్పున 8 వరసలు వేస్తే 272 పూసలు, నడుమ 7 గుండ్లు, రెండు చివర్లా చెరొకటి. మొత్తం 9 గుండ్లు. లోపలి పేటలో 34 బదులు 33 వేయాలి. 8 వరసలకు 8 పూసలు తగ్గి సుమారు 11 మి.మీ. పొట్టి అవుతుంది. రెండు పేటలూ ఒకే పొడవు చేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి మెలిపడతాయి. ఎన్నిసార్లు సర్దినా అంతే. రెండూ కలిపి 536 పూసలు. గ్రాముకు 110 లెక్కన 5 గ్రాములు, ఏరివేతకు కలుపుకుని 7 గ్రాములు. కిట్‌లోని నల్ల గది దీనికి బొటాబొటిగా చాలుతుంది. తీగ పేటకు 56 సెం.మీ., 0.30 మందం. గేర్ లాక్‌లు 4.

చివరి గుండు అలంకారానికి కాదు. గేర్ లాక్ పక్కనే నల్లపూస ఉంటే నొక్కినప్పుడు ఆ ఒత్తిడికి, తర్వాత రోజువారీ రాపిడికి గాజు చిట్లుతుంది. లోహపు గుండు ఆ దెబ్బ తీసుకుంటుంది, పెద్ద రంధ్రం కాబట్టి తీగ తోకను కూడా దాస్తుంది.

లెక్క తప్పి ఒక వరసలో పూస ఎక్కువ పడిందనుకోండి, అదీ సగం దాటాక చూసుకున్నారు. దండంతా విప్పక్కర్లేదు. ప్లయర్‌తో పూసను నలిపితే గాజు పెంకు తీగ పూతను కోస్తుంది. దాని బదులు లావుపాటి సూది మొనను పూస రంధ్రంలోకి, తీగ పక్కగా దూర్చి లోపలి నుంచి బయటకు ఒత్తితే పూస విచ్చుకుని రాలిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి చేయండి.

పూర్తయ్యాక ఒక రాత్రి తలుపు గొళ్లేనికి తగిలించి, కింద అర కిలో కందిపప్పు ప్యాకెట్ వేలాడదీయండి. పొద్దున్నే కొలికి దగ్గర తీగ కాస్తయినా సాగి బయటికొచ్చి ఉంటే ఆ గేర్ లాక్ పనికిరాదు, కోసేసి మళ్లీ నొక్కాలి. కిట్ గేర్ లాక్, కిట్ తీగతో చేసిన గొలుసు ఈ పరీక్షలో నిలబడటం అదృష్టం. అవే పూసలు, బయట కొన్న తీగ, గొట్టం గేర్ లాక్‌తో అయితే నిలుస్తుంది. నల్లపూసల తప్పు ఏమీ లేదు పాపం.

ముత్యాలకు దారం

నిజం ముత్యాలు కొన్నవాళ్లు కిట్ తీగను వాటి దగ్గరకు రానివ్వొద్దు. ముత్యం మెత్తటిది, లోహపు తీగ రంధ్రం అంచును అరగదీస్తుంది. పట్టుదారం వాడాలి. గ్రిఫిన్ లాంటి కంపెనీల దారాలు కార్డుకు చుట్టి, 2 మీటర్ల పొడవుతో, చివర సూది అతికించి వస్తాయి. ముత్యం రంధ్రం 0.7, 0.8 మి.మీ. ఉంటే 4వ నంబరు (0.60 మి.మీ.), సన్నగా ఉంటే 2వ నంబరు (0.45 మి.మీ.). గుచ్చే ముందు దారాన్ని ఒక రాత్రి చిన్న బరువుతో వేలాడదీస్తే సాగాల్సినంత సాగి ఊరుకుంటుంది. లేదంటే ఆ సాగుడు మెడలో జరిగి ముడుల పక్కన సందులు వస్తాయి.

ప్రతి ముత్యం తర్వాత ముడి వేయాలి. ముడిని వదులుగా వేసి, సూది మొన ముడి లోపల పెట్టి, దానితోనే ముడిని ముత్యం దాకా జరిపి, సూది తీసేస్తూ బిగించాలి. ఒక్కో ముడికి సుమారు 1 మి.మీ. పోతుంది. 16 అంగుళాల దండకు 6 మి.మీ. ముత్యాలు ముడులు లేకుండా 67 పడతాయి, ముడులతో 58 చాలు. ముందే లెక్క కట్టకుండా 67 కొంటే తొమ్మిది మిగిలి చెవులకు దిద్దులవుతాయి, అదీ మంచిదే. కొక్కెం దగ్గర దారాన్ని కాపాడే సన్నటి స్ప్రింగు వేయాలి. మగ్గం వర్కు జర్దోసీ లాంటిదే అది. దాన్ని 8 మి.మీ. ముక్క కత్తిరించి దారానికి ఎక్కిస్తే వంపులో దారం బదులు అదే కనిపిస్తుంది. తరచూ వేసుకునే ముత్యాల దండను ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ గుచ్చించుకోవాలి. దారం మురికి పట్టి ముడుల దగ్గర నల్లబడితే గడువు దగ్గరపడినట్టే.

ఎలాస్టిక్ గురించి రెండు మాటలే. కిట్‌లోది 0.5 మి.మీ., 8 మి.మీ. రాళ్లకు అది చాలదు, 0.7 లేదా 0.8 కావాలి. గుచ్చే ముందు మూడు నాలుగు సార్లు లాగి వదలాలి. గేర్ లాక్ దీనికి వేయకూడదు, కోసేస్తుంది. మామూలు ముడిలో ఒక మెలి అదనంగా వేసి, నగల గ్లూ ఒక చుక్క పెట్టి, పెద్ద రంధ్రం పూసలోకి ముడిని లాగేయాలి. చటుక్కున అంటుకునే ఇన్‌స్టంట్ గ్లూ వాడితే ఎలాస్టిక్ అక్కడ పుల్లలా గట్టిపడి విరుగుతుంది, దాని ఆవిరి పక్క పూసల మీద తెల్లటి పొగలా పడుతుంది.

కొనొచ్చా?

పదేళ్ల పిల్లకు వేసవి సెలవుల్లో కాలక్షేపానికైతే కొనొచ్చు. నగలు చేసి వేసుకోవాలి, ఇంకా ముందుకెళ్లి అమ్మాలి అనుకుంటే ఈ డబ్బుకు ముందు 0.38, 0.30 గేర్ వైర్ చుట్ట ఒక్కోటి, గొట్టం గేర్ లాక్‌లు, 20 గేజ్ స్టీల్ జంప్ రింగులు, నున్నటి నోస్ ప్లయర్ కొని, మిగిలితే క్రింపింగ్ ప్లయర్ తీసుకోండి. పూసలు హైదరాబాద్ బేగంబజార్‌లోనో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో లైన్ల లెక్కన, మీకు కావలసిన రెండు రంగులే కొనుక్కోవచ్చు. కిట్‌లోని పది రంగుల్లో చాలావాటితో ఒక పూర్తి హారం అవదు. నల్ల గది లాంటి ఒకటీ అరా తప్ప ప్రతిదీ సగానికి అయిపోతుంది.

పెట్టె తెరిచేటప్పుడు మాత్రం పళ్లెంలో పెట్టి తెరవండి. గళ్ల మధ్య అడ్డగోడలు మూతకు ఆనవు, సన్నటి సందు ఉంటుంది. కొరియర్‌లో తలకిందులైన పెట్టెలో నల్లపూసలు ఎర్రపూసల గదిలోకి, ఎర్రవి ముత్యాల గదిలోకి ముందే వలస వెళ్లిపోయి ఉంటాయి. ఒకసారి ఏరి సర్దాక మూతకు లోపలి వైపు పలచటి ఫోమ్ షీటు ఒకటి కత్తిరించి అంటిస్తే మళ్లీ కలవవు.